చేతిలోని తెరకు తగిన వెబ్‌సైటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఫోనులో వెబ్‌సైట్లు సరిగా కనిపించకపోవడం గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. దుకాణదారులు, చిన్న పత్రికల వారు, విద్యార్థులు అడిగిన వాటిలో నలుగురికీ పనికివచ్చే ప్రశ్నలను ఎంచి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది చేనేత చీరల దుకాణం. కొన్నేళ్ల కిందట వెబ్‌సైటు చేయించుకున్నాం. కంప్యూటరులో బాగానే ఉంటుంది. ఫోనులో తెరిస్తే మాత్రం అక్షరాలు కంటికి ఆనవు. రెండు వేళ్లతో పెద్దది చేసుకుని, అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి. ఫోన్ల కోసం వేరే సైటు పెట్టించమని ఒకరంటున్నారు, ఉన్నదాన్నే మార్చుకోవచ్చని మరొకరంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక వస్త్ర వ్యాపారి, భూదాన్ పోచంపల్లి

జవాబు: రెండో వారి మాట వినండి. వేరే సైటు పెట్టించుకుంటే ప్రతి కొత్త చీరనూ, ప్రతి ధర మార్పునూ రెండు చోట్ల ఎక్కించాల్సి వస్తుంది. కొన్నాళ్లకు ఒకచోట పాత ధర, మరోచోట కొత్త ధర మిగులుతాయి.

మీ సైటు అంత చిన్నగా కనిపించడానికి కారణం పాతదే. 2007లో ఐఫోన్ వచ్చేనాటికి ఉన్న వెబ్‌సైట్లలో చాలావరకు కంప్యూటరు తెరల కోసం తయారైనవే కాబట్టి, అందులోని సఫారీ బ్రౌజరు ప్రతి పేజీనీ 980 పిక్సెళ్ల (బ్రౌజరు తెరను కొలిచే చుక్కల) వెడల్పున పరిచి, ఆ తరువాత మొత్తాన్నీ చిన్న తెరకు సరిపోయేలా కుదించేది. తరువాత వచ్చిన ఆండ్రాయిడ్ బ్రౌజర్లు కూడా ఇదే పద్ధతిని అనుసరించాయి. మనం వాడే ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటి తెర వెడల్పు బ్రౌజరు లెక్కలో 360 పిక్సెళ్లు మాత్రమే. 980ని 360లోకి కుదిస్తే 16 పిక్సెళ్ల అక్షరం 6 కంటే తక్కువకు పడిపోతుంది. కంటికి ఆనకపోవడం మీ కస్టమర్ల చూపులోని లోపం కాదు.

దీనికి మందు పేజీ కోడులో చేర్చే వ్యూపోర్ట్ ట్యాగు అనే ఒక్క వరుస. పేజీ వెడల్పును ఫోను వెడల్పుగానే లెక్కించమని అది బ్రౌజరుకు చెబుతుంది. అయితే ఆ వరుస చేర్చి చేతులు దులుపుకుంటే సరిపోదు. పేజీలోని పట్టికలకూ, ఫోటోలకూ పిక్సెళ్లలో బిగించిన వెడల్పులు ఉంటే అవి ఇప్పుడు తెర దాటి పక్కకు పోతాయి. వెడల్పులను శాతాల్లోకి మార్చడం, ఫోటో తన గడిని మించకుండా కట్టడి చేయడం, తెర వెడల్పును బట్టి అమరికను మార్చే మీడియా క్వెరీలు రాయడం అనే మూడు పనులూ కలిస్తేనే సైటు ఏ తెరకైనా ఒదుగుతుంది. అమెరికన్ డిజైనర్ ఈథన్ మార్కాట్ 2010లో ఈ మూడింటినీ కలిపి రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అని పేరు పెట్టారు. మీరు పని అప్పగించే వారికి ఈ మాట చెబితే చాలు, అర్థమవుతుంది.

ఇంకొక సంగతి. ఫోనులో సైటు చూసేవారికి ఏవో ముక్కలు చూపిస్తే సరిపోతుందని చీరల వివరాలు సగం తీసేయకండి. గూగుల్ 2016లో ప్రకటించి 2023 నాటికి పూర్తిచేసిన మార్పు వల్ల ఇప్పుడు అది సైట్లను ఫోనులో కనిపించే రూపంలోనే చదివి నమోదు చేసుకుంటోంది. ఫోనులో లేని వివరం వెతుకులాటలోనూ దొరకదు.

ఉన్నవన్నీ ఉంచుతూనే వరుస మార్చండి. మీరు పంపిన తెర చిత్రంలో మొదట కదిలే బొమ్మలు, ఆ తరువాత దుకాణం చరిత్ర, దాని కింద ఎక్కడో చీరలు ఉన్నాయి. ఫోనులో మొదటి తెరలోనే చీర ఫోటో, దాని ధర, నొక్కగానే ఫోను కలిసే నంబరు, వాట్సాప్ బటను ఉండాలి. ధర మౌసు బాణం పెడితేనే కనిపించేలా పెట్టినట్లున్నారు. వేలితో వాడే తెర మీద బాణం ఉండదు కాబట్టి ఆ ధర ఫోనులో చూసేవారికి కనిపించదు. దాన్ని ఫోటో కిందే రాయించండి.

ప్రశ్న: మేము ఒక చిన్న సాహిత్య మాసపత్రిక నడుపుతున్నాం. అచ్చు కోసం అను ఫాంట్లలో కంపోజ్ చేయించి, అవే పేజీలను బొమ్మలుగా మార్చి సైటులో పెడుతున్నాం. ఫోనులో చదవలేకపోతున్నామని పాఠకులు రాస్తున్నారు. అచ్చు పేజీ అందం పోకుండా దీన్ని సరిచేసే మార్గం ఉందా?
– ఒక సంపాదకుడు, తెనాలి

జవాబు: మీ ఉత్తరం మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది. మీది ఒక్క పత్రిక ఇబ్బంది కాదు. ఎన్నో ఏళ్లుగా మంచి తెలుగు రచనలు బొమ్మల రూపంలో పడి, చదవడానికి వీలుకాక, వెతికితే దొరకక మూలన పడుతున్నాయి.

ముందుగా నిర్మొహమాటంగా చెప్పవలసింది: అచ్చు పేజీ ఫోనులోకి రాదు. రెండు మూడు కాలమ్‌లుగా విడదీసిన పేజీని అరచేతి వెడల్పు తెరలో చదవాలంటే ప్రతి కాలమ్ చివరా పైకి వెళ్లి, పక్కకు జరిగి, మళ్లీ కిందికి రావాలి. పెద్దది చేస్తే వాక్యం తెర దాటి పోతుంది, చిన్నది చేస్తే ఒత్తు కనబడదు. అదే రచన అక్షరాలుగా ఉంటే ఎంత పెద్దది చేసినా వాక్యం తెర వెడల్పులోనే మడత పడుతుంది. బరువు సంగతీ చూడండి. ప్రపంచ భాషల అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో, సైట్లు వాడే పద్ధతి ప్రకారం, ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ‘స్త్రీ’ అన్నది చూపుకు ఒకే అక్షరమైనా లోపల ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. అయినా పదిహేను వందల మాటల వ్యాసం మొత్తం కలిపి సుమారు 40 కేబీ దగ్గర ఆగుతుంది, కుదించి పంపితే ఇంకా తగ్గుతుంది. చదవగలిగేంత స్పష్టంగా ఉన్న పేజీ బొమ్మ ఒక్కటే అంతకు ఎన్నో రెట్లు తూగుతుంది. పైగా బొమ్మలోని మాటలను గూగుల్ నమ్మకంగా పట్టుకోలేదు, చూపు లేనివారి కోసం ఫోనులో ఉండే టాక్‌బ్యాక్ చదివి వినిపించలేదు, నచ్చిన వాక్యాన్ని పాఠకుడు మరొకరికి పంపుకోలేడు.

అను ఫాంట్లలో కంపోజ్ చేసినదాన్ని నేరుగా సైటులోకి అతికిస్తే ఇంగ్లిషు అక్షరాల గజిబిజి కనబడుతుంది. ఆ పద్ధతిలో తెలుగు ఆకారాలు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉండడమే అందుకు కారణం. యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లు ఉన్నాయి. మార్చాక మాత్రం ప్రూఫు చూడక తప్పదు. ఒత్తులు తారుమారు కావడం, కొటేషన్ గుర్తులు, అంకెల మధ్య చుక్కలు మారిపోవడం సాధారణం. ఇంతకంటే మేలైన దారి ఏమిటంటే, రచనలను మొదటే యూనికోడ్‌లో తీసుకుని, అచ్చుకు పంపేటప్పుడు మాత్రమే అనులోకి మార్చుకోవడం. ఈ రోజుల్లో రచయితల్లో చాలామంది ఫోనులోనో కంప్యూటరులోనో యూనికోడ్‌లోనే రాసి పంపుతున్నారు కాబట్టి ఇది మీకు పని తగ్గించే మార్పే అవుతుంది.

ఇక అందం విషయం. ఇంగ్లిషు కోసం గీసి సిద్ధంగా ఉంచిన సైటు నమూనాలను తెచ్చి అందులో తెలుగు పోయడం వల్లనే మన సైట్లు ఇరుకుగా, వికారంగా తయారవుతున్నాయి. ‘రాష్ట్రీయ’ అన్న మాటను దగ్గరగా చూడండి: షకారం మీద గుడి దీర్ఘం, కింద టవత్తు, దానితోపాటు రవత్తు. ఇంగ్లిషుకు సరిపోయే వరుస ఎత్తులో, అంటే అక్షరం పరిమాణానికి 1.2 రెట్లలో, దీన్ని కూర్చితే పై వరుసలోని ఒత్తులు కింది వరుసలోని గుడులను తాకుతాయి. తెలుగుకు 1.6 నుంచి 1.8 రెట్లు ఇవ్వండి. అక్షరం పరిమాణం 16 పిక్సెళ్లతో ఆపకుండా 18 దాకా పోనివ్వండి. ఒత్తు, పొల్లు స్పష్టంగా కనబడడానికి ఆ రెండు పిక్సెళ్లు ఎంతో సాయపడతాయి. అక్షరాల మధ్య ఎడం పెంచే అమరికను తెలుగుకు వాడకండి, అక్షరాల అతుకులు చెడతాయి. వాలు అక్షరాలు మన లిపికి సహజం కాదు; నొక్కి చెప్పాలంటే రంగో, ముదురు అక్షరమో వాడండి.

అచ్చులో అలవాటైన రెండు వైపులా సమంగా సర్దే పద్ధతిని ఫోనులో పూర్తిగా వదిలేయండి. 18 పిక్సెళ్ల తెలుగులో ఫోను వరుసకు మూడు నాలుగు మాటలే పడతాయి. మన సమాసాలు పొడవు. ఒక పెద్ద మాట కింది వరుసకు జారితే మిగిలిన రెండు మాటల మధ్య గుంత ఏర్పడుతుంది. ఎడమ వైపు సమంగా, కుడి వైపు వదులుగా ఉంచడమే చదువరికి హాయి. పద్యాలకు మాత్రం వేరే లెక్క ఉంది: పాదం విరగకూడదు కాబట్టి పద్యం వరకు అక్షరం కొద్దిగా తగ్గించి, అప్పటికీ పాదం మిగిలిపోతే కింది వరుసలో కాస్త లోపలికి జరిపి చూపించండి. అప్పుడు అది కొత్త పాదం కాదని పాఠకుడికి తెలుస్తుంది.

ఫాంట్లకు డబ్బు పెట్టనక్కరలేదు. నోటో సాన్స్ తెలుగు ఉంది; అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర చొరవతో వెలువడిన మండలి, సూరన్న, గురజాడ, రామభద్ర వంటివి గూగుల్ ఫాంట్లలో ఉచితంగా దొరుకుతాయి. వ్యాసానికి మండలి, శీర్షికకు రామభద్ర పెడితే మీ పత్రికకు తనదైన ముఖం వస్తుంది. ఒక్కో హల్లుకూ గుణింతాలు, ఒత్తుల రూపాలు ఉండడంతో తెలుగు ఫాంటు ఇంగ్లిషు ఫాంటు కంటే బరువు. అందుచేత రెండుకు మించి పెట్టకండి. ఫాంటు దిగేలోపు ఫోనులో ఉన్న తెలుగు అక్షరాలతోనే పేజీని చూపించే అమరికను తప్పకుండా అడగండి. లేకుంటే బలహీనమైన సిగ్నల్‌లో పాఠకుడికి కాసేపు తెల్లని తెరే దక్కుతుంది.

అచ్చు ప్రతి కావాలనే వారి కోసం పీడీఎఫ్‌ను పేజీ అడుగున ఒక లింకుగా ఉంచండి. చదవడానికి మాత్రం అక్షరాలే ఇవ్వండి.

ప్రశ్న: మా నర్సరీ సైటులో మొక్కల ఫోటోలు చాలా ఉన్నాయి. ఫోనులో తెరుచుకోవడానికి చాలా సేపు పడుతోంది. ఫోటోలు తగ్గించమంటారా?
– ఒక నర్సరీ యజమాని, కడియం

జవాబు: తగ్గించవద్దు. మొక్కను చూడకుండా ఎవరూ కొనరు. తగ్గవలసింది ఒక్కో ఫోటో బరువు.

ఫోను కెమెరాతో తీసిన 12 మెగాపిక్సెళ్ల ఫోటో 4000 పిక్సెళ్ల వెడల్పుతో, సుమారు 4 ఎంబీ బరువుతో ఉంటుంది. దాన్ని అలాగే ఎక్కిస్తే ఒకే పేజీలోని ముప్ఫై ఫోటోలకు 120 ఎంబీ అవుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు వేసుకున్న మనిషి డేటాలో అది పన్నెండో వంతు. చూసే ఫోనుకు అంత పెద్ద ఫోటో అవసరమే లేదు. బ్రౌజరు లెక్కలో 360 పిక్సెళ్ల తెర నిజానికి మంచి ఫోన్లలో 1080 చుక్కల వెడల్పు ఉంటుంది, కాబట్టి 1080 వెడల్పు దాటిన ప్రతి చుక్కా వృథా. ఆ వెడల్పుకు తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన ఫోటో రూపంలో దాచితే ఆకుల నునుపు, పువ్వు రంగు చెడకుండానే ఫోటో 150 కేబీ ప్రాంతానికి దిగుతుంది. జాబితాలో పక్కపక్కన రెండేసి మొక్కలు చూపించే చోట అందులో సగం వెడల్పు చాలు. ఒకే ఫోటోకు రెండు మూడు పరిమాణాలు ఉంచి, ఏది తీసుకోవాలో బ్రౌజరుకే వదిలేసే ఏర్పాటు ఉంది. మీ డిజైనరును అడగండి.

పాఠకుడు కిందికి జరిపినప్పుడే కింది ఫోటోలు దిగేలా పెట్టించడం రెండో పని. ఈ వాయిదా పద్ధతిని మొట్టమొదటి ఫోటోకు మాత్రం వర్తింపజేయకండి, అది వెంటనే రావాలి. పేజీలోని ప్రధాన భాగం రెండున్నర సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన కొలమానాల్లో ఒకటి.

అంతకంటే చిరాకు పెట్టే లోపం ఒకటి మీ సైటులో కనబడింది. ఫోటోలకు ఎత్తు, వెడల్పు ముందుగా రాయకపోవడంతో అవి ఒక్కొక్కటీ దిగినప్పుడల్లా పేజీ కిందికి నెట్టుకుపోతోంది. మందార మొక్క దగ్గర ‘ఆర్డరు’ నొక్కబోతే, అదే క్షణంలో పై ఫోటో దిగి, వేలి కిందికి వేరే మొక్క బటను వస్తోంది. ప్రతి ఫోటోకూ కొలతలు రాస్తే బ్రౌజరు ముందే చోటు వదిలి ఉంచుతుంది. ఆ బటన్లు కూడా మరీ చిన్నవి. ఆండ్రాయిడ్ రూపకర్తలు వేలికి 48 యూనిట్ల (సుమారుగా బ్రౌజరు లెక్కలోని పిక్సెళ్లే) చోటు ఉండాలంటారు, ఆపిల్ వారు 44 అంటారు. తోటలో మట్టి చేతులతో ఫోను పట్టుకునే మీ రైతు కొనుగోలుదారులకు 48 కంటే తక్కువ ఇవ్వకండి.

ప్రశ్న: సైటుకు బదులు యాప్ చేయించుకుంటే ఈ తలనొప్పులన్నీ పోతాయా?
– ఒక పచ్చళ్ల తయారీదారు, గుంటూరు

జవాబు: పోవు. ఏడాదికి రెండుసార్లు ఆవకాయ కొనేవారు దాని కోసం యాప్ దించుకుని ఫోనులో చోటు ఇవ్వరు. వాట్సాప్‌లో పంపిన లింకు నొక్కితే తెరుచుకునే సైటే మీకు లాభం. రోజూ వాడే కొనుగోలుదారులు ఏర్పడ్డాక యాప్ సంగతి ఆలోచించవచ్చు.

ప్రశ్న: మా శిక్షణ సంస్థ ప్రవేశ దరఖాస్తును సైటులోనే నింపాలి. చాలామంది సగంలో వదిలేసి ఇంటర్నెట్ సెంటరుకు వెళ్తున్నారు. ఎక్కడ లోపం ఉందంటారు?
– కార్యాలయ ఉద్యోగిని, హనుమకొండ

జవాబు: మీరు పంపిన దరఖాస్తు చూశాం. అభ్యర్థిని సెంటరుకు నడిపిస్తున్న గడి మొదట చెబుతాం: ‘ఫోటో 50 కేబీ లోపు ఉండాలి.’ ఫోనుతో తీసిన ఫోటోను 50 కేబీకి తగ్గించడం ఎలాగో పల్లె నుంచి దరఖాస్తు చేసే విద్యార్థికి తెలియదు, తెలియవలసిన పనీ లేదు. ఫోటో తగ్గించే పని కంప్యూటరుది. ఎంత పెద్ద ఫోటో ఇచ్చినా తీసుకుని, మీ సైటే దాన్ని కుదించుకోవాలి. ఆ ఒక్క మార్పుతో ఎందరికో ఛార్జీలు, సెంటరు రుసుము మిగులుతాయి.

పుట్టిన తేదీకి క్యాలెండరు పెట్టారు. అది ఈ నెలలో తెరుచుకుంటుంది. పదిహేడేళ్ల కుర్రవాడు తన పుట్టిన నెలకు చేరాలంటే రెండు వందల సార్లకు పైగా వెనక్కి నొక్కాలి. తేదీ, నెల, సంవత్సరం అని మూడు గడులు పెట్టండి. ఫోను నంబరు, ఆధార్, ఓటీపీ గడుల్లో అంకెల కీబోర్డు మాత్రమే రావాలి. గడి పేరును గడి లోపల కాక పైన రాయండి, ఎందుకంటే లోపలి పేరు రాయడం మొదలుపెట్టగానే మాయమవుతుంది. గడుల్లో అక్షరం 16 పిక్సెళ్లకు తగ్గితే ఐఫోన్‌లో పేజీ తనంతట తానే పెద్దదై పక్కకు జరుగుతుంది.

ఓటీపీ కోసం మెసేజిల్లోకి వెళ్లి తిరిగి వచ్చేసరికి తక్కువ మెమరీ ఉన్న ఫోన్లలో బ్రౌజరు పేజీని మళ్లీ మొదటి నుంచి తెరుస్తుంది, అప్పటిదాకా నింపినదంతా పోతుంది. ప్రతి గడి నింపగానే ఆ వివరాన్ని దాచే ఏర్పాటు తప్పనిసరి. తప్పు ఉంటే పేజీ పైభాగాన ఇంగ్లిషులో ఎర్ర అక్షరాలు చూపకుండా, తప్పున్న గడి కిందే తెలుగులో ‘ఫోను నంబరులో పది అంకెలు ఉండాలి’ అని రాయండి. చివరగా, మీ ‘సమర్పించండి’ బటనులో సున్న సగం, పవత్తు సగం కోసుకుపోయి ఉన్నాయి. సబ్మిట్ అన్న ఇంగ్లిషు మాటకు కొలిచి పెట్టిన గడిలో తెలుగు పట్టదు. బటనుకు ఎత్తు, వెడల్పు బిగించకుండా మాటను బట్టి పెరగనివ్వాలి.

ప్రశ్న: నాకు డెబ్బై దాటాయి. కొన్ని సైట్లలో రెండు వేళ్లతో లాగినా అక్షరం పెద్దది కాదు. ఏం చేయాలి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: మాస్టారూ, అది మీ ఫోను లోపం కాదు. ఆ సైటు తయారుచేసినవారు పెద్దది చేసే వీలును కావాలనే ఆపివేశారు. మీ ఆండ్రాయిడ్ ఫోనులో క్రోమ్ తెరిచి, సెట్టింగుల్లోని యాక్సెసిబిలిటీ విభాగానికి వెళ్లండి. సైటు వద్దన్నా జూమ్‌ను అనుమతించే మీట అక్కడ ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. అక్షరాల పరిమాణం పెంచే పట్టీ కూడా అక్కడే ఉంది. ఐఫోన్ సఫారీలో 2016 నుంచి ఈ ఆపివేతను బ్రౌజరే లెక్కచేయడం లేదు.

సైట్లు తయారుచేసేవారు ఈ ఉత్తరాన్ని దయచేసి శ్రద్ధగా చదవాలి. అక్షరాన్ని రెట్టింపు చేసినా పేజీలో ఏదీ పోకూడదనీ, 320 పిక్సెళ్ల వెడల్పులో పక్కకు జరపకుండా చదవగలగాలనీ వెబ్ ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణాలు చెబుతున్నాయి. మన దేశంలో ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలకూ అవే ఆధారం. జూమ్ ఆపడం వల్ల సైటు అమరిక చెదరకుండా ఉండవచ్చు గాని, ఒక పెద్దాయన చదవలేకపోతారు. ఈ రెండింటిలో ఏది ముఖ్యమన్న విషయంలో మాకు సందేహం లేదు.

ప్రశ్న: నేను వెబ్ డిజైన్ నేర్చుకుంటున్నాను. నా దగ్గర ఒక్క ఫోనే ఉంది. సైటు అన్ని ఫోన్లలో సరిగా ఉందో లేదో ఎలా పరీక్షించాలి? గూగుల్ వారి మొబైల్ ఫ్రెండ్లీ టెస్ట్ దొరకడం లేదు.
– విద్యార్థిని, విజయవాడ

జవాబు: ఆ పనిముట్టును గూగుల్ 2023 డిసెంబరులో ఉపసంహరించింది. దాని బదులు క్రోమ్‌లోనే ఉన్న లైట్‌హౌస్‌నూ, పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌నూ వాడండి, రెండూ ఉచితం. కంప్యూటరు క్రోమ్‌లో డెవలపర్ పనిముట్లు తెరిస్తే ఫోను తెర ఆకారంలో పేజీని చూపే వీలుంటుంది. వెడల్పును 320 నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా లాగుతూ, అమరిక ఎక్కడ విరుగుతోందో చూడండి. ఫలానా ఫోను కొలతకని కాకుండా విరిగిన చోటనే మీడియా క్వెరీ రాయండి. ఫోన్ల కొలతలు ఏటా మారుతాయి, మీ పేజీ విరిగే చోటు మారదు.

అయితే కంప్యూటరులో కనబడే ఫోను ఆకారం నిజమైన ఫోను కాదు. మీ కంప్యూటరు వేగం, వైఫై వేగం అందులో దాగి ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గరున్న పాత, తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోను అడిగి తీసుకుని, వైఫై ఆపి, మొబైల్ డేటా మీద తెరవండి. ఆ ఫోను సెట్టింగుల్లో అక్షరం పరిమాణాన్ని అన్నిటికంటే పెద్దదానికి పెంచి మరోసారి చూడండి. మధ్యాహ్నం ఎండలో నిలబడి చూడండి. లేత బూడిద రంగు అక్షరాలు అప్పుడు కనబడకుండా పోతే, అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య తేడా చాలలేదని అర్థం, మామూలు అక్షరాలకు ఆ వెలుగు నిష్పత్తి కనీసం 4.5కు ఒకటి ఉండాలి. ఆ తరువాత సైటు గురించి ఏమీ తెలియని మనిషి చేతికి ఫోను ఇచ్చి, ‘ఇందులో దుకాణం నంబరుకు ఫోన్ చేయండి’ అని ఒక్క పని చెప్పి, మీరు నోరు విప్పకుండా చూడండి. వారి వేలు ఎక్కడ తడబడిందో రాసుకుని, ముందుగా అక్కడి నుంచే సరిచేయడం మొదలుపెట్టండి.